శివారు ఫ్లాటుకు సిగ్నల్ విడుదల

లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడకూడదు. తప్పదంటే వాన గురించి మాట్లాడండి, మామిడికాయల గురించి మాట్లాడండి. ఇంట్లో వైఫై సరిగ్గా రావడం లేదని మాత్రం, అందులోనూ ఇరిగేషన్‌ శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషితో, ఛస్తే అనకూడదు.

నేను అన్నాను.

నా బాధ నాది. నేను బెంగుళూరు కంపెనీకి కాకినాడలో మా ఇంట్లో కూర్చునే పనిచేస్తాను. మా ఆవిడ హైమావతి ఇక్కడ ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెబుతుంది. ప్రభుత్వోద్యోగం. పెళ్ళయిన కొత్తలో ఆవిడదో ఊరు, నాదో ఊరు. ఆదివారాలన్నీ రైళ్ళ పాలయ్యేవి. ఇంటి నుంచి పని అనే మహాభాగ్యం వచ్చాకే మాకు ఒకే కప్పు కింద కాపురం అమరింది. పొద్దున్నే పెసరట్టు పోయడం ఎవరి వంతని పోట్లాడుకోవడంలో ఎంత సుఖముందో వారానికోసారి పెళ్ళాం మొహం చూసిన మొగుణ్ణి అడగండి, చెబుతాడు.

అలాంటి కాపురానికి వైఫై అడ్డం పడింది. మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ నేను నోరు తెరిచి బిగుసుకుపోయేవాణ్ణి. ఆ తెరిచిన నోరు అవతలివాళ్ళ కంప్యూటర్ల మీద అలాగే ఉండిపోయేది. నా పుచ్చు పన్ను సంగతి క్లయింటు దాకా వెళ్ళిందని మా మేనేజరు చైతన్య నవ్వుతూనే చెప్పాడు. తర్వాత నవ్వు ఆపి, "భాస్కర్ గారూ, ఇంకొక్కసారి మీరు మీటింగులోంచి మాయమైతే నా చేతిలో ఏం ఉండదు. బెంగుళూరు వచ్చేయాల్సిందే. ఇక్కడ మీ కుర్చీ ఖాళీగానే ఉంది," అన్నాడు.

ఆ దిగులుతో లిఫ్టు ఎక్కాను. లోపల గంధం పేర్రాజు గారున్నారు. మా కోరంగి హైట్స్ నివాసితుల సంఘానికి ఆయనే అధ్యక్షులు.

"ఏం భాస్కరం గారూ, మొహం అలా వేలాడేశారు?"

"వైఫై అండి. ఒక గదిలో వస్తే ఇంకో గదిలో రాదు. వచ్చిందైనా నిలవదు."

పేర్రాజు గారు లిఫ్టు తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టారు. "తమరిది ఏ ఫ్లాటు?"

"ఐదో అంతస్తండి. వరండా చిట్టచివర."

"శివారు," అన్నారాయన. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు. "నా సర్వీసంతా విన్నది ఇదే మొరండీ. ఎగువ వాడు తోడేసుకుంటాడు, దిగువ వాడి మడి ఎండిపోతుంది. నీరైనా సిగ్నలైనా ధర్మం ఒకటే. తమరు లిఖితపూర్వకంగా అర్జీ సమర్పించండి. తక్షణ పరిశీలనార్థం స్వీకరిస్తాను."

అర్జీ ఇస్తే పోయేదేముందని ఇచ్చేశాను.

సాయంత్రం హైమ కాలేజీ నుంచి వచ్చి సంగతి విని, "అసలా డబ్బా ఎక్కడ పెట్టారు?" అంది.

"ఫ్రిజ్ వెనకాల. వైర్లు కనపడకుండా ఉంటాయని."

"ఫ్రిజ్ వెనకాల పెడితే మొక్కయినా బతుకుతుందా?" అంటూ ఆ డబ్బాను లాగి, దుమ్ము దులిపి, హాల్లో పుస్తకాల బీరువా మీద పెట్టింది. అంతే. వంటింట్లో వచ్చింది, పడగ్గదిలో వచ్చింది, అక్కర్లేకపోయినా బాత్రూంలో కూడా వచ్చింది. నాకు సిగ్గేసింది గానీ సంతోషం ముందు సిగ్గెంతసేపు. మర్నాడు మీటింగులో నేను ఒక్క క్షణం కూడా బిగుసుకుపోలేదు.

లోకం న్యాయంగా నడిస్తే ఈ కథ ఇక్కడితో అయిపోవాలి.

అర్జీ వెనక్కి తీసుకుందామని కింద అంతస్తులో ఉన్న పేర్రాజు గారింటికి వెళ్ళాను. ఆయన భోజనాల బల్ల మీద మా బిల్డింగు బొమ్మ పరచుకుని, దాని మీద నీలం పెన్సిలుతో గీతలు గీస్తున్నారు. నీలం గీతలు పై అంతస్తులకు పోయేకొద్దీ సన్నబడి, మా ఫ్లాటు దగ్గరికొచ్చేసరికి చుక్కలయ్యాయి.

"సమస్య తీరిపోయిందండి. డబ్బా జరిపితే సరిపోయింది."

ఆయన కళ్ళజోడు తీసి నావైపు జాలిగా చూశారు. "అది తాత్కాలిక ఉపశమనం. నాలుగు చినుకులు పడగానే రైతు కూడా కాలవెందుకంటాడు. మేం వింటామా?"

"నిజంగా బాగానే వస్తోందండి."

"రావచ్చు. కానీ తమరి అర్జీ ఆధారంగా ఉపసంఘం ఏర్పడింది. అంచనాలు తయారయ్యాయి. ఈ దశలో అర్జీదారుడికే ఇబ్బంది లేదంటే పథకం ఎలా నిలబడుతుంది? తమరు కాస్త ఇబ్బందిలోనే ఉండాలి."

ఆ మాట ఆయన ఎంత మర్యాదగా అన్నారంటే, నేను సరేనని తలూపి వచ్చేశాను.

ఆ ఆదివారం సెల్లారులో సర్వసభ్య సమావేశం. మా దగ్గర తీర్మానం ఆమోదమైతే గానీ మిరపకాయ బజ్జీలు దించరు. అందుచేత మా సంఘం చరిత్రలో వీగిపోయిన తీర్మానం లేదు.

"ప్రియమైన వాడకందార్లారా," అని మొదలుపెట్టారు పేర్రాజు గారు. అంతవరకూ మేం నివాసితులం. "ఇంటింటికో కనెక్షన్, ఇంటింటికో డబ్బా. ఇవి అనుమతి లేని బోర్లు కాక మరేమిటి? ఒకరి బోరు పక్కవాడి బోరును ఎండగడుతోంది. అందుచేత ప్రైవేటు డబ్బాలన్నీ స్వాధీనం చేసుకుని, ఉమ్మడిగా ఒకే ప్రధాన కాలువ తవ్వి, అంటే ఒకే పెద్ద కనెక్షన్ తీసుకుని, శాస్త్రీయంగా వంతుల వారీగా ప్రతి ఫ్లాటుకూ సిగ్నల్ విడుదల చేయాలని ప్రతిపాదిస్తున్నాను."

రెండో అంతస్తు ఆయనెవరో, "మాకు బాగానే వస్తోందండీ," అన్నాడు.

"ఎందుకు రాదు? తమరు ఎగువ. ఈ స్వార్థమే శివారును ఎండబెడుతోంది. ఒక్కసారి ఆ కుటుంబాన్ని చూడండి."

అందరూ వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. కరువు ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళని చూసినట్టు చూశారు. ఎవరో ఆవిడ హైమ చెయ్యి పట్టుకుని, "ఇన్నాళ్ళూ చెప్పలేదేంటమ్మా," అంది. చప్పట్లు కొట్టారు, బజ్జీలు దించారు. తొలి అర్జీదారుడిగా నాకు శాలువా కప్పారు. నేను దాంట్లో చెమటలు కక్కుతుంటే హైమ ప్లేటు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజుకి మాకింకా నవ్వొచ్చింది.

మర్నాడు మా డబ్బాను పట్టుకుపోయారు. బీరువా మీద పచ్చలైటుతో చక్కగా వెలుగుతూనే ఉంది పాపం.

కొత్త పెద్ద డబ్బాను పంపు గదిలో, మోటారు పక్కన బిగించారు. హెడ్‌వర్క్స్, అంటే కాలవ మొదలు, ఎప్పుడూ నీటి ఒడ్డునే ఉండాలిట. అంతస్తుకో వైరు లాగి, అంతస్తుకో స్విచ్చి పెట్టి, వాటికి తూములని పేరు పెట్టారు. కాలవ గట్ల మీద తలుపులెత్తే మనిషిని లస్కరంటారు కదా, మా వాచ్‌మన్ త్రిమూర్తులుకి ఆ ఉద్యోగం ఇచ్చి, ఖాకీ చొక్కా, ఈల, చేతికర్ర మంజూరు చేశారు. కర్ర దేనికని త్రిమూర్తులుకీ తెలీదు. "లస్కరన్నాక ఉండాలంటండి, ఆయ్," అన్నాడు.

ఎగువకు, అంటే కింది అంతస్తులకు, రోజూ వంతు. మాకు మంగళవారం, శుక్రవారం, అదీ కోడి కూసే వేళ. మొదటి మంగళవారం ఇద్దరం లేచి మొహాలు కడుక్కుని ఎదురుచూశాం. కింద ఈల వినిపించింది. "అయిదో అంతస్తోరికి వదిలేత్తన్నానండి, పట్టుకోండి," అని త్రిమూర్తులు కేక కూడా వినిపించింది. సిగ్నల్ మాత్రం రాలేదు. నా లాప్‌టాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, తెల్లారిపోయింది.

రాలేదని చెబితే పేర్రాజు గారు స్వయంగా పర్యవేక్షణకు వచ్చారు. సెల్‌ఫోన్ ముందుకు చాచి, మెట్లెక్కుతూ దిగుతూ, మధ్యలో ఠక్కున ఆగిపోయారు.

"ఇక్కడ సిగ్నల్ ఉంది."

"మెట్ల మీద కదండీ."

"అదే నేననేది. మెట్లు ఎవరి ఆయకట్టు? ఎవరిదీ కాదు. అయినా ఇక్కడ పారుతోంది. అంటే శివారుకు చేరవలసిన వాటా దారిలోనే గోడల్లోంచి ఇంకిపోతోంది. మట్టి కాలవలో అయితే ఏం చేస్తాం? లైనింగ్ చేస్తాం."

లైనింగంటే ఏమిటో రెండు రోజుల్లో అర్థమైంది. లారీలో ఇనుప రేకులు దిగాయి. వరండాలకీ మెట్లకీ గోడల పొడుగునా రేకు కొట్టడం మొదలుపెట్టారు. ఆ సుత్తి దెబ్బలకు మా ఇంట్లో పాలగిన్నెలు కూడా నాట్యం చేశాయి. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇనుప రేకు సిగ్నల్‌ని ఆపేస్తుందేమోనండి."

"ఆపాలనే గదండీ కొట్టిస్తున్నది," అన్నారు పేర్రాజు గారు. దానికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

లైనింగ్ పూర్తయ్యాక మెట్ల మీద సిగ్నల్ పోయింది. మొదటి అంతస్తులో పోయింది, రెండో అంతస్తులో పోయింది. మామూలు ఫోన్లు కూడా మూగబోయి, మాట్లాడాలంటే కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగాల్సి వచ్చేది. మా బిల్డింగు బయటినుంచి చూస్తే ఏ కిటికీలో చూసినా ఒక మనిషి వేలాడుతూ ఉండేవాడు. నోటీసు బోర్డులో మాత్రం ఇంకుడు నష్టం పూర్తిగా అరికట్టబడినదని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు.

పంపు గదికి ఆనుకుని ఉన్న నాగరత్నమ్మ గారి ఇంట్లో మాత్రం సిగ్నల్ వరదలా వచ్చేది. ఆవిడ టీవీలో పగలూ రాత్రీ వంటల వీడియోలు వాటంతటవే తిరుగుతుండేవి. ఎదురుగా కుర్చీలో ఎవరూ ఉండరు.

"చూడనప్పుడు ఆపేయొచ్చు కదా పిన్నిగారూ, పైకి కాస్త వస్తుందేమో," అన్నాను.

"ఆపితే వాటా తగ్గించేత్తారంట బాబూ. వాడుతున్నట్టు కనపడాలంట. నాకు మాత్రం సరదా ఏంటి, ఆ ఉల్లిపాయల చప్పుడికి నిద్దర కూడా పట్టట్లేదు," అని ఆవిడ నాతో తన కష్టం చెప్పుకుంది.

అన్నాళ్ళూ నేను సెలవులు పెట్టి నెట్టుకొచ్చాను. ఇంతలో చైతన్య నుంచి కబురు. సోమవారం క్లయింటుతో పెద్ద మీటింగు. నేనే మాట్లాడాలి. అందులో నేను కనపడకపోతే మంగళవారం నుంచి బెంగుళూరు కుర్చీలో కనపడాలి. ఆ రాత్రి భోజనాల దగ్గర హైమ నవ్వలేదు. "మళ్ళీ ఆ రైళ్ళు నావల్ల కాదండీ," అంది. అంతే అంది.

ఆదివారం పొద్దున్నే పోయి పేర్రాజు గారి ముందు చేతులు కట్టుకున్నాను.

"సోమవారం మాకు ప్రత్యేకంగా ఒక్క వంతు ఇప్పించండి. నా ఉద్యోగం, కాపురం రెండూ దాని మీదే ఉన్నాయి."

"ప్రత్యేక తడి," అని ఆయన సానుభూతిగా తలూపారు. "ఏ నిమిత్తం?"

"వీడియో మీటింగండి."

ఆయన మొహం మారిపోయింది. "వీడియో అంటే వరి. విపరీతంగా తాగేస్తుంది. శివారులో వరికి అనుమతి లేదు. తమరు ఆరుతడి పంటలకు మళ్ళండి. మెసేజీలు ఉన్నాయి. మినుమూ పెసరాలాగా, చుక్క సిగ్నల్ చాలు. మీటింగులో చెప్పేదంతా మెసేజీల్లో చెప్పొచ్చు."

"నా మొహం కనపడాలండి వాళ్ళకి."

"ఫొటో పంపండి." ఆయన కాస్త దగ్గరికి జరిగి గొంతు తగ్గించారు. "మనవారు కాబట్టి ముందే చెబుతున్నాను. వచ్చే వారం నుంచి ఐదో అంతస్తుకు పంట విరామం ప్రకటిస్తున్నాం. సిగ్నల్ నిల్వలు మెరుగుపడే దాకా ఎవరూ ఏమీ వాడక్కర్లేదు. తమకు ఈ ఎదురుచూపుల బాధ తప్పుతుంది."

ఆయన కళ్ళల్లో నిజమైన ప్రేమ కనిపించింది, తిట్టడానికి నోరు రాలేదు.

సోమవారం లాప్‌టాప్ చంకలో పెట్టుకుని గేటు దాటాను. రోడ్డు అవతల సూరిబాబు కొబ్బరిబొండాల బండి. రేకులకు దూరం కాబట్టి అక్కడ ఫోనులో సిగ్నల్ నిండుగా ఉంది. బండి పక్కన కుర్చీ వేసుకుని, బొండాల మీద లాప్‌టాప్ ఆనించి, ఫోను కలిపి, మీటింగులో చేరాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, టై కూడా కట్టాను. వెనకాల కొబ్బరికాయలు కనపడుతుంటే క్లయింటు ముచ్చటపడి, మీ ఊరు అందంగా ఉందే అన్నాడు. నేను మాట్లాడాను. అడిగినదానికల్లా జవాబు చెప్పాను. చైతన్య మొహం విప్పారింది. ఇంకొక్క ప్రశ్న మిగిలింది, అది కూడా నాకు తెలిసిందే.

అప్పుడు ఈల వినిపించింది.

ముందు త్రిమూర్తులు కర్రతో, వెనక పేర్రాజు గారు, ఆయన వెనక ఉపసంఘం సభ్యులు, రోడ్డు దాటి వస్తున్నారు. పేర్రాజు గారు వచ్చి సరిగ్గా నా భుజం మీంచి కెమెరాలోకి తల పెట్టారు.

"నోటిఫై చేసిన ఆయకట్టులో సభ్యులై ఉండి, బయటి వనరుల నుంచి సిగ్నల్ తోడుతున్నారు. ఇది నిబంధనలకు విరుద్ధం."

"నేను రోడ్డు మీద ఉన్నానండి," అన్నాను పళ్ళ బిగువున, కెమెరాకేసి నవ్వుతూ.

"తమరు రోడ్డు మీద ఉన్నారు. తమరి ఫ్లాటు ఆయకట్టులో ఉంది. తూము ఉన్నచోట బోరు వేయరాదు. లస్కర్, పంచనామా మొదలుపెట్టు. సాక్షి ఎవరు?"

సూరిబాబు కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "నాకు సంతకం రాదండి బాబు. ఏలిముద్రయితే ఏత్తాను."

"వేలిముద్ర చెల్లుతుంది."

త్రిమూర్తులు నా చెవి దగ్గర, "మీరేం అనుకోకండి సార్, నా ఉజ్జోగం, ఆయ్," అని నా ఫోను తీసి గుడ్డలో చుట్టబోయి, కట్టడానికి తాడు లేక ఆగాడు. తాడు తెచ్చేదాకా ఫోను నా పక్కనే ఉంది, మీటింగు నడుస్తూనే ఉంది. క్లయింటు సూరిబాబు బొటనవేలికి సిరా పూయడం చూశాడు. కొలత టేపుతో గేటు నుంచి బండి దాకా కొలవడం చూశాడు. జప్తు చేసిన వస్తువుల్లో ఒక టై కూడా చేర్చాలా అని ఉపసంఘం చర్చించడం మొత్తం విన్నాడు. తాడు వచ్చింది. లక్క కరిగించి సీలు వేశారు. అప్పటిదాకా నెట్‌వర్క్ ఒక్కసారి కూడా తెగలేదు.

సాయంత్రం చైతన్య హైమ ఫోనుకు చేశాడు. కిటికీలోంచి వంగి మాట్లాడాను.

"భాస్కర్ గారూ, ఇవాళ మీ నెట్‌వర్క్ అద్దంలా ఉంది. అందరికీ అన్నీ కనిపించాయి," అని ఆగి, "టికెట్ మేమే తీస్తాం," అన్నాడు.

బస్సు దగ్గరికి పేర్రాజు గారు పూలదండతో వచ్చారు. నా మెడలో వేసి, చెయ్యి ఊపుతూ, "శుభవార్త భాస్కరం గారూ. తమరి అర్జీ పరిష్కృతమైంది," అన్నారు.

"ఎలాగండి?"

"శివారులో వాడకందారు లేనప్పుడు శివారు కొరత ఎక్కడిది? ఈ రోజుతో ఫైలు మూసేస్తున్నాం."

పక్కనే నా సంచీ పట్టుకుని నిలబడ్డ హైమ, "ఇంట్లో నేనుంటాను కదండీ," అంది.

ఆయన కంగారుపడ్డారు. పాపం, ఈ సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. కాసేపు గడ్డం గోక్కుని, "అమ్మా, మీకు కూడా ట్రాన్స్‌ఫర్ వేయించమంటారా? సెక్రటేరియట్‌లో మా బావమరిది ఉన్నాడు. మడకశిర అయితే బెంగుళూరుకు దగ్గరే, బస్సులో వెళ్ళిపోవచ్చు," అన్నారు.

హైమ నావైపు చూసింది. వాళ్ళ కాలేజీ, మా హాలు, కుండీల్లో ఆవిడ మొక్కలు, అన్నీ వదులుకోవాలి. "వేయించండి," అంది. ఇన్నాళ్ళ తర్వాత పేర్రాజు గారి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. బస్సు కదిలేదాకా ఆయనకి దణ్ణం పెడుతూనే ఉన్నాను.

ఆయన మాట మీద నిలబడ్డారు. బావమరిది చేత ఫైలు పరుగులు పెట్టించారు. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చేసింది. మడకశిరలో ఖాళీ లేదుట. ఖాళీ లేదని అర్జీని పెండింగులో ఉంచడం వాళ్ళ సంప్రదాయం కాదుట. అందుకని ఖాళీ ఉన్నచోట వేశారు. ఇచ్ఛాపురం. ఒడిశా అంచు. బెంగుళూరుకు అంతకంటే దూరంగా వేయాలంటే మన రాష్ట్రంలో ఇంక ఊరు లేదు.

హైమ అక్కడ చేరిన రోజు నాకు ఫోన్ చేసింది. నేను ఆఫీసులో నా కుర్చీలో ఉన్నాను. ఆవిడ ఊపిరి కూడా పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వినిపిస్తోంది.

"ఇక్కడ సిగ్నల్ చాలా బావుందండీ," అంది.